నాయనతో కాదు తమ్ముడూ నీ పోరాటం

తమ్ముడూ, వందనాలు. నువ్వు రాసింది రెండుసార్లు చదివినా. ధర్మవరం మగ్గాల ఇంటి పిల్లోడివి, 24 ఏళ్లు, అనంతపురంలో సెల్ షాపులో పని, రూమ్‌లో ఒక్కడివే, బాప్తిస్మం తీసుకుని ఎనిమిది నెలలైంది. ఊరి జాతరకు పోయినప్పుడు మీ జేజి తెచ్చిన ప్రసాదం తట్టను పక్కకు నెట్టి బంధువులందరి ముందరా ఇది నేను తినను అన్నావు, ఆ రోజు నుంచి మీ నాయన నీతో మాట్లాడటం లేదు. రాత్రిపూట గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అవుతాంది, కాళ్లూ చేతులూ కదలవు. పాత జతగాళ్లు మందుకు పిలుస్తాండారు, వాళ్లతోనే వాట్సాప్ గ్రూపులో మతం గురించి వాదన పెట్టుకుంటే తిట్టుకునేదాకా పోయింది. సంఘంలో ఒక పెద్దమనిషేమో నీ విశ్వాసం తక్కువ కాబట్టే సాతాను పట్టుకున్నాడు అన్నాడు. నేనెట్ల నిలబడాలి, మా వాళ్లకు ఎట్ల చెప్పాలి అని అడిగినావు.

నాది ప్రొద్దుటూరు పక్క పల్లె. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైనా. 1988లో బాప్తిస్మం తీసుకున్నా, మా ఇంట్లో నేనే మొదటోణ్ణి, ఇప్పుడు నువ్వు ఉన్నట్టే ఉన్నా అప్పుడు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

బైబిల్లో పౌలు రాసిన ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయం నీకు నోటికి వచ్చే ఉంటుంది, సాతానును ఎదిరించడానికి దేవుడిచ్చే సర్వాంగ కవచం అని కొత్తగా వచ్చినోళ్లందరికీ ముందు అదే నేర్పిస్తారు. కానీ చానామంది కవచం దగ్గరికి దూకేస్తారు, దానికి ముందున్న 12వ వచనం దగ్గర ఆగరు. మనము పోరాడునది శరీరులతో కాదు అని ఉంది గదా. శరీరులు అంటే మనుషులు. మీ నాయన మనిషి, మీ జేజి మనిషి, ఆ వాట్సాప్ గ్రూపులో నిన్ను ఎగతాళి చేసినోడూ మనిషే. యుద్ధం ఉంది, కాదనడం లేదు, నేను దాన్ని నమ్ముతా, అనుభవించినా కూడా. కానీ నీ కత్తి ఎవరి వైపు తిరిగి ఉందో ముందు చూసుకో. నువ్వు రాసిన దాంట్లో సాతాను అన్న మాట రెండుసార్లే వచ్చింది, మా నాయన అన్న మాట లెక్క పెడితే పదకొండుసార్లు. ఎనిమిది నెలల నుంచి నువ్వు ఎవరితో పోరాడుతున్నావో నీ రాతలోనే ఉంది తమ్ముడూ.

ఇది నేను నీ మీద తప్పు మోపడానికి చెప్పడం లేదు, నేను చేసింది చెప్తా విను, ఇది సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా చానా ఏళ్లు దాచిపెట్టినా. 1989లో, కొత్త ఉత్సాహం మీద ఉన్నా, ఎక్కడో ఒక కూటంలో బైబిల్లో గిద్యోను బయలు దేవుడి బలిపీఠం పడగొట్టిన వాక్యం విని వచ్చి, మా అమ్మ కలుపుకు పోయినప్పుడు ఇంట్లో పూజ గూట్లో ఉన్న పటాలన్నీ తీసి గోతాంలో వేసి పశువుల కొట్టంలో పెట్టేసినా. సాయంత్రం అమ్మ వచ్చింది, కాళ్లు కడుక్కుని దీపం పెట్టడానికి పోయింది. గోడంతా పొగకు నల్లబడిపోయి ఉంటుంది గదా, పటాలు ఉన్నచోట మాత్రం నాలుగు తెల్లటి చదరాలు. వాటినే చూస్తా నిలబడింది చేతిలో వత్తి పట్టుకుని. తిట్టలేదు, ఏడవలేదు. పొయ్యి మీద సంగటి చేసింది, తట్టలో ముద్ద పెట్టింది, ఊరిబిండి వేసింది, తట్ట నా ముందర పెట్టి బయటికి పోయి అరుగు మీద కూర్చుంది. తర్వాత మూడేళ్లు నాకు అన్నం పెట్టింది గానీ నా పేరు పెట్టి పిలవలేదు. నేను అప్పుడు దాన్ని ఆత్మీయ పోరాటం అనుకున్నా, గెలిచినా అనుకున్నా. గిద్యోను పడగొట్టింది వాళ్ల నాయనదే, నిజమే, కానీ అది ఇశ్రాయేలు జనం, తమ దేవుణ్ణి తెలిసీ వదిలేసిన జనం, దేవుడే స్వయంగా చెప్పినాడు. నాకు ఎవరు చెప్పినారు మా అమ్మ గూడు ఖాళీ చేయమని? యేసయ్య దయ్యం పట్టినోణ్ణి బాగు చేసినాక వాడు నీతోపాటు వస్తా అంటే, నీవు నీ యింటివారియొద్దకు వెళ్లి అన్నాడు, మార్కు 5వ అధ్యాయంలో. వెళ్లి ఇల్లు సరిచెయ్యి అనలేదు, ప్రభువు నీకు చేసింది చెప్పు అన్నాడు, అంతే.

ఇప్పుడు ప్రసాదం సంగతి. తినకపోవడం నీ మనస్సాక్షి, దాంట్లో నేను తప్పు పట్టను, 1 కొరింథీ 10లో పౌలు కూడా ఇది విగ్రహానికి పెట్టింది అని ఎవరైనా చెప్తే తినొద్దనే రాసినాడు. ఐతే అదే చోట, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే పోయి పెట్టింది ఏదీ ఆరా తీయకుండా తిను అని కూడా రాసినాడు, అంటే ఆ ఇంటికి పోవడం మానొద్దు అనే గదా. నువ్వు తినకపోవడం కాదు మీ నాయనకు గుచ్చుకుంది, ముసలామె చేతిలో తట్ట నలుగురిలో నెట్టేయడం. అదే మాట చెవిలో, జేజీ ఇది నేను తినకూడదు, నీ చేతి సంగటి పెట్టు కడుపునిండా తింటా అని ఉంటే ఆమె పెట్టేది, నువ్వు తినేవాడివి, నీ విశ్వాసానికి ఏ నష్టమూ ఉండేది కాదు.

రాత్రిపూట గుండెల మీద బరువు గురించి. ఇక్కడ నేను మీ సంఘ పెద్దతో ఒప్పుకోను, ఆయన మీద గౌరవం ఉంచే చెప్తున్నా. నిద్రలో మెలకువ వస్తుంది, కళ్లు తెరుచుకుంటాయి గానీ ఒళ్లు కదలదు, గదిలో ఎవరో ఉన్నట్టు, ఛాతీ మీద కూర్చున్నట్టు, దీన్ని డాక్టర్లు స్లీప్ పెరాలసిస్ అంటారు. కలలొచ్చే నిద్రలో మన కండరాలు వదులైపోయి ఉంటాయి, మెదడు ముందు లేచి ఒళ్లు ఇంకా లేవకపోతే ఇట్లా అవుతుంది, కొన్ని సెకన్లో ఒకటి రెండు నిమిషాలో ఉండి పోతుంది. నిద్ర చాలకపోయినా, టైం లేకుండా పడుకున్నా, వెల్లకిలా పడుకున్నా, మనసులో దిగులు ఉన్నా ఎక్కువ వస్తుంది. నువ్వే రాసినావు షాపు మూసేసరికి పది అవుతుంది, తర్వాత రెండింటిదాకా ఫోన్లో వాదనలు అని. దీనికి విశ్వాసం తక్కువ అని పేరు పెట్టడం అన్యాయం. ముందు పదకొండుకు ఫోన్ పక్కన పెట్టి పడుకో, పక్కకు తిరిగి పడుకో, అయినా తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి పో, సిగ్గుపడే పని కాదు. ఏలీయా ప్రవక్తను చూడు, కర్మెలు కొండ మీద అంత అగ్ని దిగినాక, యెజెబెలు రాణి బెదిరింపుకు పరుగెత్తి బదరీ చెట్టు కింద పడిపోయి నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నాడు. దేవుడు ఆయనకు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చినాడు, దూతను పంపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టించినాడు, మళ్లీ నిద్రపోనిచ్చి మళ్లీ తినిపించినాడు. మాటలు తర్వాత. నువ్వు రూమ్‌లో రాత్రి ఏం తింటున్నావో రాయలేదు, బన్నూ టీ మీద బతుకుతాంటే అది మానుకో ముందు.

అట్లని అంతా నిద్ర సమస్యే, సాతాను లేడు అని నేను అనడం లేదు. వాడు నీ ఛాతీ మీద కూర్చునే దానికంటే, పొద్దున్నే లేవగానే నీ చెవిలో చెప్పే మాట దగ్గర ఎక్కువ పని చేస్తాడు. నువ్వు పనికిరావు, నీ ప్రార్థన ఎవరూ వినడం లేదు, ఇంటికి పోయినా నీకు చోటు లేదు, ఒక్క క్వార్టర్ తాగితే ఏమైంది. ఆ ఎఫెసీ 6లో చెప్పిన సాతాను బాణాలంటే ఇవి. వీటికి జవాబు ఎట్లియ్యాలో మత్తయి 4లో ఉంది, యేసయ్య అరణ్యంలో మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలోంచే తీసి చెప్పినాడు, అరవలేదు, గద్దించి గద్దించి గొంతు పోగొట్టుకోలేదు, వ్రాయబడియున్నది అన్నాడు. సాతాను కూడా 91వ కీర్తన ఎత్తి చూపించినాడక్కడ, అది గమనించు, వాక్యం నోట్లో ఉన్న ప్రతోడూ మనవాడే అనుకోకు. నువ్వు ఎక్కువగా వినే ఆ ఒక్క మాటకు సరిపోయే ఒక్క వచనం ఎంచుకో, పెద్ద లిస్టు వద్దు, దాన్ని పైకి చదువు, నీ చెవికి నీ గొంతు వినిపించేటట్టు.

కవచంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటీ వివరించను, ఆ ప్రసంగాలు నువ్వు చానా విని ఉంటావు. మూడింటి గురించి మాత్రం చెప్తా, ఎందుకంటే అవి మన సీమ మనిషికి సులభంగా అర్థమయ్యేవి.

దట్టి అంటే ఏంది, నడుం కట్టు. మా నాయన చేనికి పోయే ముందు పంచె ఎగగట్టి తువ్వాలు నడుముకు బిగించేవాడు, అది బిగిస్తేనే పనికి దిగినట్టు. సత్యం అనే దట్టి అంటే నాకు అర్థమైంది, రెండు బతుకులు బతకకపోవడం. నీ జతగాళ్లు పిలిస్తే ఏదో పని ఉంది అని సాకులు చెప్తున్నావంట. అది దట్టి వదులు ఉన్నట్టు. నేను తాగడం మానేసినా, మీతో టీకి వస్తా, బార్‌కు రాను, అని ఒకసారి చెప్పెయ్. రెండు వారాలు ఎగతాళి చేస్తారు, తర్వాత వాళ్లకే అలవాటైతుంది. వాళ్లను వదులుకోకు. పొద్దున ఉగ్గాని బండి దగ్గర కలువు, సాయంత్రం ఏడు దాటినాక కలవకు, నీ బలహీనత ఏ టైంకు లేస్తుందో నీకు తెలుసు గదా.

జోడు సంగతి. సమాధాన సువార్త వల్లనైన సిద్ధమనస్సు అనే జోడు అని ఉంది. మన చేలల్లో తుమ్మ ముల్లు, కంపముల్లు తెలుసు గదా, చెప్పుల్లేకుండా నాలుగడుగులు పడవు. చూడు, సువార్తకు వచ్చిన పోలిక కత్తి కాదు, జోడు, పైగా సమాధానం అనే మాట తగిలించి మరీ. ముళ్లున్న చోటికి నడిచిపోవడానికి అది. నీకు ముళ్లున్న చోటు ఏదో నువ్వే రాసినావు, మీ ఇంటి గడప.

విశ్వాసం అనే డాలు గురించి నాకు చానా ఇష్టమైన సంగతి ఒకటుంది. పౌలు రాసిన గ్రీకు మాట తలుపు అనే మాటలోంచి వచ్చింది, చేతిలో పట్టుకునే చిన్న గుండ్రటి డాలు కాదు, తలుపంత పెద్దది, మనిషిని దాదాపు నిలువునా కప్పేది. రోమా సైనికులు వాటిని పక్కపక్కన ఆనించి గోడ కట్టేవాళ్లు. ఒక్కడి డాలుకు పక్కలు ఖాళీ, పక్కోడి డాలు ఆనితేనే ఆ ఖాళీ మూసుకుంటుంది. నువ్వు అనంతపురంలో ఒక్కడివే ఉన్నావు, ఆదివారం ఆరాధనకు పోయి వెనక బెంచీలో కూర్చుని ప్రార్థన అయిపోగానే వచ్చేస్తావు, ఎవరికీ నీ సంగతి తెలీదు. పెద్ద మీటింగ్‌లు ఎన్ని తిరిగినా ఇది తీరదు. నీకు ఒక్కడు కావాల, నీ వయసోడో నాలాంటి ముసలోడో, రాత్రి పదకొండుకు మనసు లాగుతాంది అన్నా అని ఫోన్ చేస్తే ఎత్తేవాడు. మన సంఘాల్లో కాటేజ్ ప్రార్థనలు జరుగుతాయి గదా, వారంలో ఒక ఇంట్లో, పది మంది చాప మీద కూర్చుని. అక్కడికి పో. నన్ను పడిపోకుండా ఆపింది నేను విన్న పెద్ద పెద్ద ప్రసంగాలు కాదు, డిపోలో మాతోపాటు పని చేసిన ఒక డ్రైవరన్న. నైట్ అవుట్ డ్యూటీలో ఏదో పల్లెలో బస్సు ఆపేసి టాప్ మీద పడుకునేవాళ్లం, నిద్రపోయే ముందు ఆయన అడిగేవాడు, ఈ రోజు ఎట్లుండావబ్బా అని, నేను బాగున్నా అంటే కాసేపు ఊరికే ఉండి మళ్లీ అడిగేవాడు. ఆ రెండోసారికి నిజం చెప్పేవాణ్ణి.

పడిపోయినా ఇక అయిపోయింది అనుకోకు. తన శిష్యుడు పేతురుతో యేసయ్య ముందే చెప్పినాడు, సాతాను మిమ్మల్ని గోధుమల మాదిరి జల్లించడానికి అడిగినాడు, నీ నమ్మిక తప్పిపోకుండా నేను వేడుకున్నా అని. పేతురు మూడుసార్లు యేసయ్యను ఎరగను అన్నాక కూడా ఆ ప్రార్థన వట్టిది కాలేదు. బుడ్డలు చేటలో వేసి చెరిగేటప్పుడు చూసే ఉంటావు, పొట్టు ఎగిరిపోతుంది, గింజ ఎగిరినట్టే ఎగిరి మళ్లీ చేటలోనే పడుతుంది.

ఇక చెప్పడం గురించి, నువ్వు అడిగిన రెండో సగం. నిజానికి ఇది వేరే సగం కాదు. పౌలు కవచం అంతా రాసి, చివర్లో ఏం అడిగినాడు? నేను ధైర్యంగా నోరు తెరిచేటట్టు నాకోసం ప్రార్థన చేయండి అన్నాడు, సంకెళ్లలో ఉన్న రాయబారిని అని చెప్పుకుని. అంత పౌలుకే నోరు తెరవాలంటే ప్రార్థన కావాల్సి వచ్చింది, నీకు గొంతు పట్టేసినట్టు అయితే దాంట్లో వింత లేదు.

వాట్సాప్ వాదన సంగతి చూద్దాం. నీ జతగాడు ఇది బ్రిటిషోళ్ల మతం అన్నాడు, నీకు కోపం వచ్చింది. జవాబు ఉంది దానికి. కేరళలో సిరియన్ క్రైస్తవులు బ్రిటిషోళ్లు రాకముందు వందల ఏళ్ల నుంచీ ఉన్నారు. ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1813 చార్టర్ చట్టం దాకా మిషనరీలను తమ రాజ్యంలోకి రానివ్వడానికే ఇష్టపడలేదు, వ్యాపారం చెడుతుందని. మన కడపలో లండన్ మిషన్ పని మొదలైంది 1822లో, జమ్మలమడుగులో వాళ్ల ఆసుపత్రికి కులం మతం చూడకుండా జనం పోయినారు. ఇంకోడు గంజి కోసం మారినోళ్లు అన్నాడు. 1876 నుంచి 78 దాకా సీమను ఊడ్చేసిన కరువులో ఆకలికి వచ్చినోళ్లూ ఉండొచ్చు, ఐతే ఏమి, ఆకలైనోడికి అన్నం పెట్టడం సిగ్గుపడే పనా, ఊరి బావిలో నీళ్లు తోడుకోనియ్యని కాలంలో ఆ జనాన్ని మనుషులుగా చూసిన చోటికి వాళ్లు పోవడం తప్పా? ఇవన్నీ నువ్వు తెలుసుకో, నీకు నిలకడ వస్తుంది. కానీ ఇన్నేళ్లలో నేను ఒక్కణ్ణి కూడా వాదనలో ఓడించి ప్రభువు దగ్గరికి తేలేదు. ఓడిపోయినోడు ఇంటికి పోయి కొత్త ప్రశ్న వెతుక్కుంటాడు, అంతే. 1 పేతురు 3:15లో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండు అని ఎంత గట్టిగా ఉందో, సాత్వికముతోను భయముతోను అని కూడా అంతే గట్టిగా ఉంది. పైగా అక్కడ అడిగినోడికి చెప్పమన్నాడు. నువ్వు స్టేటస్‌లో వాళ్ల దేవుళ్ల మీద పెట్టిన ఆ వీడియో ఎవరు అడిగినారు నిన్ను? అది తీసెయ్, గ్రూపులో తప్పైంది అని ఒక్క మాట పెట్టు. మన కడపలో ఉగాది రోజు దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు, పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు పోతారు. ఇట్లాంటి ఊళ్లల్లో పుట్టి పక్కోడి గుడిని తిట్టి నీ ప్రభువును పరిచయం చేస్తానంటే ఎవరింటాడు.

చట్టం కూడా తెలుసుకో, భయపడటానికి కాదు. రాజ్యాంగం 25వ అధికరణం నమ్మడానికీ, ఆచరించడానికీ, ప్రచారం చేసుకోవడానికీ హక్కు ఇచ్చింది. ఆ ప్రచారం హక్కులో ఇంకొకణ్ణి మతం మార్చే హక్కు లేదు అని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. నాకైతే ఇది మన విశ్వాసానికి అడ్డంగా అనిపించదు, మనసు మార్చడం మన చేతిలో ఎప్పుడూ లేదు గదా, అది పరిశుద్ధాత్మ పని. డబ్బు ఆశ, ఉద్యోగం ఆశ, జబ్బు పోతుందని హామీ, ఇవేవీ ఎవరికీ చూపించకు. గుళ్ల దగ్గరికి పోయి కరపత్రాలు పంచే పని అసలు పెట్టుకోకు. నేను డ్యూటీలో ఉన్నన్నాళ్లూ యూనిఫాం మీద ఒక్క కరపత్రం పంచలేదు, టికెట్ కొనుక్కుని కూర్చున్నోడు నా మాట వినక తప్పదు, దిగిపోలేడు, అట్లాంటోడికి చెప్పడం న్యాయం కాదు అనిపించేది. కానీ చిల్లర మాత్రం రూపాయితో సహా తిరిగిచ్చేవాణ్ణి. అది చూసి, నువ్వేందన్నా ఇట్ల అని అడిగినోళ్లకు, దిగినాక, బస్టాండ్‌లో టీ తాగుతా చెప్పేవాణ్ణి, ఒకటే మాట, నేను ఇట్లా ఉండేవాణ్ణి కాదు అని మొదలుపెట్టి.

నీ సాక్ష్యం కూడా అంత చిన్నదే చాలు. యేసయ్య చూపిచ్చిన పుట్టుగుడ్డివాడు పరిసయ్యులతో, అంటే యూదుల మతపెద్దలతో ఏమన్నాడు, మీరు అడిగేదంతా నాకు తెలీదు, ఒకటి తెలుసు, గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నా. నీకు ఏం జరిగిందో మూడు నిమిషాల్లో, బైబిల్ మాటలు లేకుండా, మీ జేజికి అర్థమయ్యే తెలుగులో చెప్పగలవా? రక్షణ, అభిషేకం, విడుదల అంటే ఆమెకు తెలీదు. తాగి పడుకునేవాణ్ణి జేజీ, ఇప్పుడు తాగడం లేదు, నాకు నేనుగా మానలేదు, యేసయ్యను అడిగినా, ఆయన చేయి పట్టుకున్నాడు. ఇది తెలుస్తుంది.

మా అమ్మ సంగతి సగంలో వదిలేసినా. మూడేళ్ల తర్వాత నేనే ఆ గోతాం తెచ్చి, పటాలు తుడిచి, ఆమె ముందర పెట్టి, నీవి నేను తీసింది తప్పమ్మా, నా దేవుడు నాకు అట్ల చెప్పలేదు, నేనే చేసినా అని కాళ్లు పట్టుకున్నా. నా నమ్మకం మాత్రం మార్చుకోలేదు, ఆ గూట్లో నేను దీపం పెట్టలేదు, ఆమె కూడా పెట్టమనలేదు. చాలా ఏళ్లకు ఆమె మంచాన పడింది. కాళ్లకు నీరొస్తే నేనే వేడినీళ్లతో కడిగి తుడిచేవాణ్ణి. ఒక రాత్రి, మీ చర్చిలో నా పేరు చెప్తావా అని అడిగింది. ప్రతి రోజూ చెప్తానమ్మా అన్నా. నా చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది. బాప్తిస్మం తీసుకోలేదు, ఆ మంచంలోనే పోయింది. ఆమె సంగతి ప్రభువుకు అప్పగించినా, అంతకు మించి నేను చెప్పగలిగింది లేదు. కానీ ఆ మూడేళ్ల తర్వాత కూడా నేను గోతాం తేకుండా ఇంకా మొండిగా ఉండుంటే, ఆ రాత్రి ఆమె నన్ను అడిగేదే కాదు.

మీ నాయనకు చూపు తగ్గింది, పడుగులో పోగు తెగితే అతకడానికి కనపడక పక్కింటోళ్లను పిలుస్తాండాడు అని నువ్వు ఒక లైన్ రాసి వదిలేసినావు. ఈ ఆదివారం ఆరాధన అయిపోగానే ధర్మవరం బస్సెక్కు. పోయి మగ్గం గుంత పక్కన కూర్చో, ఆయన మాట్లాడకపోయినా కూర్చో, పోగు తెగినప్పుడు చెయ్యి పెట్టి నువ్వు అతుకు, చిన్నప్పటి నుంచీ చేసిన పనే గదా, వేళ్లు మర్చిపోవు. జేజి దగ్గర తట్ట సంగతి తప్పైంది అని చెప్పు. సోమవారం షాపుకు సెలవు పెట్టి నాయనను కంటి డాక్టర్ దగ్గరికి తీసుకుపో, అద్దాలు రాస్తే నీ జీతంలోంచి కొను. ఫ్రేమ్ మాత్రం ఆయన్నే చూసుకోనీ.